ఎడమ చీలమండ

నరీన్‌లో నది గడ్డకట్టే నెలలో
మొదటి ఏడాది పిల్లలకు ఎముకలు చెబుతాను.
గదికి ఒకటే హీటరు. దాని చుట్టూ పద్దెనిమిది మంది,
కాబోయే నర్సులు, కాబోయే మంత్రసానులు,
ఇంకా ఏమవుతారో తేలని ఇద్దరు మగపిల్లలు.

బల్ల మీద చెక్కపెట్టె.
రాజధానిని ఇంకా ఫ్రూంజె అని పిలిచే రోజుల్లో వచ్చింది.
లోపల ఒక మనిషి.
చెవిలోని చిట్టి ఎముకలు కూడా
దూది పెట్టిన సీసాలో భద్రంగా ఉన్నాయి,
ఎడమ చీలమండ ఎముక ఒక్కటే లేదు.
నేను చేరక ముందే పోయింది.
ఏటా జాబితాలో ఆ గడికి ఎదురుగా
'లేదు' అని రాసి సంతకం పెడతాను.

అయాన్లూ ఆమ్లాలూ నెత్తిన మోసుకుంటూ
పక్క గదిలోంచి వస్తారు నా దగ్గరికి.
"ఎజె, సూది ఎప్పుడు పట్టుకుంటాం?"
అది దేనిలోకి దిగుతుందో తెలిశాక, అంటాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే మాట. నాకే రుచి పోయింది.

వెనక బెంచీలో ఊల్కాన్.
అత్-బాషి అవతల మేత కొండల పిల్ల.
లాటిన్ ఆమె నోట్లో గులకరాయిలా దొర్లేది.
తొడను రెక్క అనేది, రెక్కను తొడ అనేది.
ఐదుకు రెండు. మళ్లీ రెండు.
సైరాకాన్ చీటీలు అందిస్తుంటే
కిటికీ అద్దం మీది మంచును చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఒకరోజు విసుగొచ్చి,
"పుస్తకం మూసెయ్. నీకు తెలిసినట్టు చెప్పు," అన్నాను.

లేచింది. చేతులు కడుక్కుంది.
ఎందుకో అర్థం కాలేదు నాకు.
"ఇది జంబాష్. వచ్చినవాళ్లలో పెద్దాయనకి.
ఇది జిలిక్. ఆయన తర్వాతివాళ్లకి.
ఈ చివరిది ఆడవాళ్లలో పెద్దామెకి.
ఇక్కడ కత్తి దూరుతుంది, ఇక్కడ దూరదు,
ఇలా తిప్పితే దానంతటదే వచ్చేస్తుంది."
వేళ్లు కీలు నుంచి కీలుకి నడిచాయి.
నా పటంలో ఎర్రగీతలున్న చోటల్లా ఆగాయి.

తర్వాత నడుము దగ్గర చెయ్యి నిలిచిపోయింది.
"ఎజె, మరి ఈ మనిషి
ఎవరి వాటాకి వచ్చాడు?"

పేరు లేదు. ఊరు లేదు.
పెట్టె మూత లోపల ఒక నంబరు, సగం చెరిగింది.
హీటరు టిక్కుటిక్కుమంది.
ఈ గదికి, అన్నాను చివరికి. నీకు.

ఎవరూ నవ్వలేదు.
సైరాకాన్ చీటీని అరచేతిలో నలిపేసుకుంది.

లాటిన్ ఆ తర్వాతా రాలేదు.
పరీక్షలో మూడు వేశాను. మూడే వస్తుంది, దాచడమెందుకు.

జూన్‌లో పెట్టె సర్దుతుంటే
ఎడమ పాదం ఖాళీలో ఏదో ఎర్రగా కనిపించింది.
గొర్రె చీలమండ. చుకో.
పిల్లలు గిరిలో గురిపెట్టి కొట్టే ఆట ఎముక,
చేతులు మారి మారి అంచులు అరిగి నున్నబడింది.

జాబితాలో 'ఉంది' అని రాశాను.
ఆగి, పక్కన 'గొర్రెది' అని చేర్చాను.
ప్రిన్సిపాల్ కళ్లజోడు ఎత్తి చూసి సంతకం చేశాడు.
ఆయనా ఒకప్పుడు ఓడి గెలిచినవాడే.

ఊల్కాన్ ఇప్పుడు కొండ మీద ప్రసూతి గదిలో ఉంది.
ఫోను చెయ్యదు.
చలికాలానికి మాంసం మాత్రం పంపుతుంది,
కీలు కీలుకీ విడదీసి,
ఒక్క ఎముకా విరగకుండా.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న మారింది.
రెండు చీలమండలూ బల్ల మీద పెడతాను.
రంగు కనబడకుండా కళ్లు మూయిస్తాను.
ఏది పరిగెత్తేది? ఏది
రెండు కాళ్ల మీద నిలబడి బరువు మోసేది?

ఈ ఏడు ఒక కుర్రాడు, చలికి పగిలిన చేతులు,
చెరో అరచేతిలో ఒకటి పెట్టుకుని
చాలాసేపు అలాగే ఉన్నాడు.
గంట కొట్టారు.
నేను తొందరపెట్టలేదు.